పుట్టువెంట్రుకలు

తాండూరులో రైలెక్కిన ఆమె నా పక్కన కూర్చుని, రెండేళ్ల కూతుర్ని ఒళ్లో పడుకోబెట్టుకుంది. పాప తల మీద జుట్టు అక్కడక్కడే మిగిలింది.

"కడుపుల ఒక గడ్డ, తలల ఒక గడ్డ అక్కా. గింత పిల్లకు రెండూ కలిసి వచ్చుడు డాక్టర్లు గూడ ఎన్నడు సూడలేదంట," అంది, ఎవరో ఊరడిగితే చెప్పినట్టు.

అనంతగిరి దేవుడికి మొక్కిన పుట్టువెంట్రుకలు మందులకే ఊడిపోతున్నాయి.

"దేవునియి గదా," అంటూ ఒళ్లో రాలినవి ఏరి కొంగున ముడేసుకుంటోంది.

వికారాబాద్ వస్తుండగా నా భుజం మీద వెంట్రుక ఒకటి ఆమె కంటబడింది. మెల్లగా తీసి అదీ ముడిలో పెట్టుకుంది.

అది మూరెడుంది, సగం నెరిసింది. ఆమె పాపను భుజానేసుకుని అనంతగిరికని దిగిపోయింది.

దువ్వెనలో చిక్కినవి పారేయడానికి నాకిప్పటికీ కాసేపు పడుతుంది.