కల్దుమను వెతుక్కుంటూ చాంద్రాయణగుట్ట దాకా

పావురాలు పెంచేవాళ్ల కోసం నేను నడిపే పేజీని రెండేళ్లుగా చూస్తున్నది మా బామ్మర్ది, ఇద్దరు స్నేహితులు, ఫోన్ కవర్లు అమ్ముకునే ఎవరో ఒకాయన. డబ్బు కట్టి జనాన్ని తెచ్చుకునే ఓపిక నాకు లేదు, స్తోమత అంతకన్నా లేదు. పాతబస్తీలో గౌస్ భాయ్ మాత్రం పైసా కట్టకుండా వేలమందిని కూడగట్టాడు, అందరూ పావురాలవాళ్లే. ఆ కిటుకేదో అడిగి తెలుసుకుందామని వరంగల్ నుంచి బయల్దేరాను. పేజీ పేరు మాత్రం అడగకండి. మనుషుల పేర్లూ పావురం రకమూ కూడా మార్చే రాస్తున్నాను, ఎందుకో చదివితే మీకే తెలుస్తుంది.

సికింద్రాబాద్‌లో దిగి ఫలక్‌నుమా వైపు వెళ్లే లోకల్ రైలెక్కాలి. టికెట్టు చాయ్ ఖరీదుకు మించదు గానీ రైళ్లు తక్కువ. ఒకటి తప్పితే ఎంతసేపు కూర్చోవాలో తెలియదు, నేను బాగానే కూర్చున్నాను. ఉప్పుగూడలో దిగేసరికి పదకొండు దాటింది. మబ్బు పట్టి చినుకు రాలక, ఒళ్లంతా జిగటగా ఉంది. స్టేషన్ బయట ఆటో అతను అరవై అడిగాడు. పావురాల గౌస్ భాయ్ ఇల్లు తెలుసా అన్నాను.

"కబూతర్ల గౌసా? ఎందుకు తెల్వది సాబ్. గానీ ఆయనతోని ఇయ్యాల ముచ్చట కాదు. కల్దుమ పోయి నెలైతుంది, మనిషి మనిషి లెక్క లేడు," అన్నాడు. కల్దుమ అంటే ఒళ్లంతా తెలుపు, తోక మాత్రం నలుపు ఉండే పావురం.

గౌస్ భాయ్ ఆటోలకు వైరింగు పని చేస్తాడు. నలభై దాటిన మనిషి, బక్కపలచన. మిద్దె మీదకు తీసుకెళ్లి చాయ్ ఇప్పించాడు గానీ తన గ్లాసు ముట్టలేదు. కల్దుమ గుడ్డు పగిలి బయటికొచ్చిన రోజు నుంచి చేతి మీద పెరిగిందట. మంద మొత్తాన్ని కిందికి దింపుకొచ్చేది అదేనట. పేజీ సంగతి అడిగితే పెద్ద రహస్యమేమీ లేదన్నాడు. పరాయి పావురం మన మిద్దె మీద వాలితే అది మనదే అన్నది ఇక్కడ తాతల నాటి పద్ధతి. ఆయన ఆ పద్ధతి తప్పాడు, అంతే.

"ఒకటి ఈడ వాలింది. ఫోటో పెట్టిన, ఎవనిదో వచ్చి తీస్కపోన్రి అని. వాడు ఉరుక్కుంట వచ్చి తీస్కపోయిండు, నలుగురికి చెప్పిండు. ఆ నలుగురు గూడ గట్లనే పెట్టబట్టిరి. ఎవనిది వానికిస్తే జిందగీ మొత్తం యాద్ పెట్టుకుంటడన్నా," అన్నాడు.

అలా వందల పావురాలను ఇళ్లకు చేర్చిన పేజీలో నెల రోజులుగా కల్దుమ ఫోటో ఉంది. ఒక్క కబురూ లేదు. మేం మాట్లాడుతుండగానే ఎవరో ఒక వీడియో పంపారు. చాంద్రాయణగుట్టలో శ్రీశైలం అనే అతను తన మందను ఫోన్‌లో తీసి స్టేటస్‌గా పెట్టుకున్నది. ఒక మూల నల్ల తోక కనిపించింది. గౌస్ భాయ్ దాన్ని ఆపి ఆపి చూసి, చెప్పులేసుకున్నాడు. నేను స్కూటరు వెనక ఎక్కాను.

ఫ్లైఓవర్ కింద బస్సుల మధ్య ఇరుక్కుని, ఒక సందులో మూడంతస్తుల ఇంటికి చేరాం. శ్రీశైలం సెంట్రింగ్ మేస్త్రీ. పేజీ మొదలైన నాటి నుంచీ ఉన్న మనిషి. పోయినేడు ఆయన పావురాన్ని కూడా ఈ పేజీయే తెచ్చి ఇచ్చింది. మమ్మల్ని చూడగానే సంగతి తెలిసిపోయి, తనే మిద్దె మీదికి తీసుకెళ్లాడు.

కల్దుమ చెక్క గూట్లో మట్టి మూకుడులో కూర్చుని ఉంది. గౌస్ భాయ్ గుర్తుకని కాలికి వేసిన రింగు లేదు. గౌస్ భాయ్ చేయి పెట్టగానే గట్టిగా పొడిచింది. ఆయన మెల్లగా కొంచెం పైకెత్తాడు. కింద రెండు గుడ్లు.

"ఫోటో తీద్దామనే ఫోన్ పట్టిన భాయ్," అన్నాడు శ్రీశైలం తల దించుకుని. "మనసొప్పలే. గిసుంటిది నా జన్మల నా మిద్దె మీద వాలలే. రెక్కలు కట్టి, నా పెట్టతోని జత చేసిన. తీస్కపోతే తీస్కపో."

కొత్త పావురం ఎగిరిపోకుండా అలా జత కట్టిస్తారు. గుడ్లు పెట్టాక దాని ఇల్లు అదే. కల్దుమ మగది, పావురాల్లో పగలంతా గుడ్ల మీద మగదే కూర్చుంటుంది. గుడ్ల మీదున్న దాన్ని ఎత్తుకుపోవడం పాపమని ఇద్దరికీ తెలుసు. గౌస్ భాయ్ దాన్ని మళ్లీ గుడ్ల మీద సర్ది, లేచాడు.

"పేజీల పెడ్తవా భాయ్?" శ్రీశైలం మెట్ల దాకా వచ్చి అడిగాడు. గౌస్ భాయ్ మెట్లు దిగిపోయాడు.

కింద స్కూటరు దగ్గర నేనూ అదే అడిగాను. నాకు ఒళ్లు మండిపోతోంది. అలాంటివాడి పరువు తీయాల్సిందే అన్నాను.

"వాని ఇజ్జత్ పోతే పోనీ అన్నా. గౌస్‌దే దాసుకున్నరంటే, రేపటికెళ్లి ఎవ్వడన్న ఎవ్వనికన్న వాపస్ ఇస్తడా?" అన్నాడు.

తిరుగు రైల్లో ఫోన్ తెరిచేసరికి పోస్టు వచ్చేసింది. "కల్దుమ దొరకలేదు. ఎతుకుడు బంద్ చేస్తున్న. అందరికి షుక్రియా." ఆ పేజీలో ఆయన రాసిన మొదటి అబద్ధం అదే అయ్యుంటుంది. కింద మొదటి కామెంటు శ్రీశైలానిది: "దొరుకుతది భాయ్, ఫికర్ చెయ్యకు."

జనాన్ని పెంచుకోవడం ఎలాగో నేర్చుకుందామని వెళ్లాను. నేర్చుకున్నాను కూడా, కానీ దిగులుగా ఉంది. నమ్మకం మీద పెరిగిన దాన్ని నిలబెట్టుకోవడానికి ఆ నమ్మకంలోనే బొంకాల్సి వచ్చింది ఆయనకు. ఈ కథ రాయొచ్చా అని తర్వాత అడిగితే, పేర్లు మార్చి రాయమన్నాడు. మీరూ ఆ వైపు మిద్దెలు చూడ్డానికి వెళ్తే ఒక్కటి గుర్తుంచుకోండి. పక్క మిద్దెల మీద ఆడవాళ్లు బట్టలు ఆరేసుకుంటూ ఉంటారు, ఇంటివాళ్లు చెప్పేదాకా ఫోన్ జేబులోంచి తీయకండి. నేను మాత్రం ఆ రైల్లో ఫోన్ పట్టుకుని చాలాసేపు కూర్చున్నాను. నిజం తెలిసిన వాళ్లలో నేనూ ఒకణ్ణి. మలక్‌పేట దాటాక, అందరితో పాటు నేనూ రాశాను: "దొరుకుతుంది భాయ్."