యెల్బా ఇంటి నుంచి రెండొందల మీటర్లు

నరాన్హో ఊళ్ళో ఇళ్ళకు నంబర్లు లేవు. వీధులకు పేర్లున్నాయంటారు గానీ అవేమిటో ఎవరికీ తెలియదు. ఫలానా దుకాణం నుంచి నూరు మీటర్లు తూర్పు, యాభై మీటర్లు దక్షిణం, ఆకుపచ్చ గేటు. అదీ అడ్రసంటే. ఆ దుకాణం ఇప్పటికీ ఉండాలన్న రూలు కూడా లేదు. యెల్బా చవర్రియా తన కాగితాల మీద రాయించుకున్న అడ్రసు 'పాత పాల డిపో నుంచి నూరు మీటర్లు తూర్పు'. ఆ డిపో పడగొట్టి పద్దెనిమిదేళ్ళయింది, అక్కడిప్పుడు టైర్ల షాపుంది. ఊరివాళ్ళకు మాత్రం అది పాల డిపోయే. బయటివాడు వచ్చి వెతుక్కుంటే వాడి ఖర్మ. ఉత్తరాలు నెలల తరబడి తిరిగి తిరిగి చేరేవి, కొన్ని అసలు చేరేవే కావు.

యెల్బా ఈ ఊరిది కాదు, ఈ దేశానిదీ కాదు. సరిహద్దుకు పైన నికరాగ్వాలో, చినాందేగాలో పుట్టింది. తొమ్మిదేళ్ళ కిందట కాఫీ పళ్ళు కోయడానికి వచ్చి ఉండిపోయింది. వాళ్ళ వైపు ఒక అలవాటుంది. శనివారం పొద్దువాలగానే నకతమాల్ అమ్మే ఇంటి ముందు ఎర్ర బల్బు వెలిగిస్తారు. మొక్కజొన్న పిండిలో పంది మాంసం పెట్టి, అరటాకులో మూటగట్టి గంటల తరబడి ఉడికించే తిండి అది. ఈమె ఇక్కడా బల్బు వేలాడదీసింది. మొదటి నెల వీధంతా చెవులు కొరుక్కుంది, ఎర్ర లైటు పెట్టుకుని ఈవిడ చేసే వ్యాపారమేమిటా అని. రెండో నెల రుచి చూశారు. మూడో నెలకల్లా ఆ కొరుక్కున్న వాళ్ళే గిన్నెలు పట్టుకుని వరసలో నిలబడ్డారు.

ఆ వరసలోనే తగిలాడు గ్రేవిన్ కెసాదా. ఫ్రిజ్‌లు బాగుచేస్తాడు, మాటకారి, చూడ్డానికి బాగుంటాడు. ఇష్టపడే చేసుకున్నారు. కాగితం కోసం కట్టుకున్న మొగుడు కాడతను. ఈ మాట ఎందుకు చెబుతున్నానంటే, తర్వాత చాలామంది ఇంకోలా అన్నారు.

పెళ్ళితో పాటు యెల్బాకు ఈ దేశంలో ఉండనిచ్చే కార్డు వచ్చింది. భార్యాభర్తలుగా మూడేళ్ళు నిండితే ఎవరితోనూ సంబంధం లేని సొంత కార్డుకు అర్జీ పెట్టుకోవచ్చని వకీలు చెప్పింది.

"ఈలోగా విడిపోతేనో?" అని అడిగింది యెల్బా, నవ్వుతూనే.

"ఇప్పుడున్న కార్డు మీది కాదమ్మా, మీ పెళ్ళిది. పెళ్ళి పోతే అదీ పోతుంది."

మూడేళ్ళు నిండేది డిసెంబరు పన్నెండున. గ్రేవిన్ మార్చిలోనే బట్టలు సర్దుకుని వెళ్ళిపోయాడు. మరీ దూరం కూడా కాదు. అదే వీధిలో ఉత్తరంగా, గులాబీ రంగు గేటున్న ఇంట్లో జుట్టు కత్తిరించే యార్లెనీ దగ్గరికి. యెల్బా నెలరోజులు ఏడ్చింది, బల్బు వెలిగించలేదు. చినాందేగాలో ఆమెకు మిగిలినవి రెండు సమాధులు. తిరిగి వెళ్ళడమంటే ఎవరి గుమ్మంలోకి? ఆ భయమే ఆమెను లేపి నిలబెట్టింది.

అక్టోబరులో యార్లెనీకి ఆరో నెల. గ్రేవిన్ విడాకుల కాగితాలు పట్టుకొచ్చాడు.

"డిసెంబరు దాకా ఆగు," అంది యెల్బా. "నా కార్డు చేతికొచ్చిన రోజే సంతకం పెడతాను. నీకు చేసిన రెండేళ్ళ వంటకి ఆ మాత్రం ఆగలేవా?"

అతను తల వంచుకున్నాడు. సిగ్గు లేని మనిషేం కాదు. కార్డులిచ్చే ఆఫీసు నుంచి ఎవరో ఇంటికొచ్చి, ఇద్దరూ కలిసే ఉంటున్నారా అని చూసిపోతారని అప్పటికే కబురుంది. అందుకని రోజూ పొద్దున ఏడింటికి వచ్చి, ఇంట్లో తొడిగే చెప్పులేసుకుని మధ్యాహ్నం దాకా వంటింట్లో కూర్చునేట్టు ఒప్పందమైంది.

మిగతా వీధి సంగతి దోన్యా సొరైదా చూసుకుంది. దోన్యా అంటే అమ్మగారన్నట్టు; మూలమీద చిల్లర కొట్టు ఆవిడదే. కొట్టుకొచ్చిన ప్రతివాళ్ళకీ ఉప్పుతో పాటు పాఠం చెప్పి పంపింది.

"గ్రేవిన్ ఎక్కడుంటాడు?"

"యెల్బాతో, దోన్యా."

"యార్లెనీ ఎవరు?"

"ఏ యార్లెనీ?"

"శభాష్. పో."

రెండు వారాలు గడిచినా ఎవరూ రాలేదు. గేటు చప్పుడైతే చాలు, యెల్బా కిటికీ దగ్గరికి పరుగెత్తేది. గ్రేవిన్ గోళ్ళు కొరుక్కుంటూ, కాఫీ తాగుతూ, యార్లెనీకి అర్ధరాత్రి పుచ్చకాయ కావాలంటుందని చెప్పుకునేవాడు. ఎవరితో చెబుతున్నాడో అతనికి తట్టేదే కాదు. యెల్బా పళ్ళ బిగువున వినేది.

మూడో వారం మంగళవారం జోరువాన. పదిన్నరకు గేటు దగ్గర ఒక నడివయసు ఆవిడ నిలబడి ఉంది. గొడుగు తిరగబడిపోయింది, చంకలో ప్లాస్టిక్ కవర్లో ఫైలుంది.

"పాల డిపో, పాల డిపో అని గంట నుంచీ తిరుగుతున్నానండి," అందావిడ. "ఈ ఊళ్ళో పాల డిపోయే లేదు కదా?"

"ఉండేదండి," అంది యెల్బా.

తువ్వాలు ఇచ్చి, వేడి కాఫీ పోసి కూర్చోబెట్టింది. ఆవిడ గదులు చూసింది. మంచం కింద గ్రేవిన్ బూట్లు, స్నానాలగదిలో రెండు బ్రష్‌లు. ప్రశ్నలు వేసింది. అతనికి ఏ కూర పడదు, ఆమె ఏ పక్కన పడుకుంటుంది, అతని తల్లి పుట్టినరోజెప్పుడు. అన్నిటికీ ఇద్దరూ తడుముకోకుండా చెప్పారు. అబద్ధమేముంది అందులో? ఒకప్పుడు కాపురం చేసినవాళ్ళే కదా. మధ్యలో సొరైదా నాలుగు గుడ్లు పట్టుకుని పిలవని పేరంటంలా వచ్చేసింది.

"ఈ జంటని చూసి మా వీధి వీధంతా కుళ్ళుకుంటుందండి. నిన్న సాయంత్రం కూడా చెయ్యీ చెయ్యీ పట్టుకుని..."

"దోన్యా, కొట్లో ఎవరో పిలుస్తున్నట్టున్నారు," అంది యెల్బా.

సొరైదా వెళ్ళిపోయింది. ఆఫీసావిడ మొదటిసారి కొంచెం నవ్వింది. కలం మూత పెట్టి, ఫైలు కవర్లోకి తోసింది.

"అంతేనండి. కాఫీ బాగుంది."

యెల్బా గొడుగు తీసి అందివ్వబోయింది. సరిగ్గా అప్పుడే గ్రేవిన్ ఫోను మోగింది. పని మీద వచ్చే ఫోను, రోజుకు పది వస్తాయి. అలవాటుగా ఎత్తాడు.

"చెప్పండి సార్. కూలింగ్ లేదా? తీసుకొచ్చేయండి చూస్తాను. అడ్రసా? ఏముంది, తేలిక. యెల్బా నకతమాల్ ఇల్లు తెలుసుగా? ఆ, ఎర్ర బల్బు. అక్కణ్ణుంచి రెండొందల మీటర్లు ఉత్తరం, గులాబీ గేటు. మా ఇల్లే. నేను లేకపోయినా మా ఆవిడుంటుంది."

ఫోను పెట్టేశాక గానీ అతనికి తెలియలేదు. యెల్బా ఇంట్లో, యెల్బా కుర్చీలో, యెల్బా కలిపిన కాఫీ చేతిలో పట్టుకుని, యెల్బా ఇంటి నుంచి తన ఇంటికి దారి చెప్పాడు మహానుభావుడు. ఇంకెవరైనా అయితే చెప్పు తీసుకుని కొట్టేవారు.

"అది... వర్క్‌షాపండి," అన్నాడు.

"అయితే అదీ చూసొద్దాం పదండి," అంది ఆఫీసావిడ, లేస్తూ.

యెల్బా గుమ్మానికి అడ్డంగా నిలబడింది.

"వెళ్ళకండి. అక్కడున్న పిల్ల కడుపుతో ఉంది, మిమ్మల్ని చూస్తే హడలిపోతుంది. నేనే చెబుతాను. ఈయన మార్చిలో వెళ్ళిపోయారు. నేను మోసానికి పెళ్ళి చేసుకోలేదండి. ఈయన్ని ప్రేమించాను. నాకు కావలసింది ఇంకో ఏడు వారాలు, అంతే. ఏడు వారాలు ఎవరి సొమ్మండి?"

ఆఫీసావిడ కాఫీ కప్పు మీదున్న మరక తుడిచింది.

"నేను విన్నది విననట్టు రాయలేనమ్మా. నా సంతకం ఉంటుంది కింద."

మళ్ళీ ఫైలు తీసింది. రాస్తూ రాస్తూ చివరి గడి దగ్గర ఆగింది.

"జవాబు ఏ అడ్రసుకు పంపాలి? పాల డిపో అని రాస్తే చేరదు."

యెల్బాకు క్షణంలో తట్టింది. పాల డిపో అనే అంటే సరి. ఆ ఉత్తరం ఊరంతా తిరిగి తిరిగి డిసెంబరు దాటాకే వస్తుంది, అసలు రాకపోనూ వచ్చు. నోరు తెరిచింది.

"ఫరవాలేదులెండి," అంది ఆఫీసావిడ, ఎక్కడా వెటకారం లేకుండా. "ఇందాక ఆయన చెప్పారుగా." గడిలో పొందిగ్గా రాసుకుంది: యెల్బా నకతమాల్ ఇల్లు, ఎర్ర బల్బు.

ఆ సాయంత్రం సొరైదా కొట్టు మూసుకుని వచ్చి గ్రేవిన్‌ను వాళ్ళ తాతముత్తాతలతో సహా తిట్టిపోసింది. యెల్బా శనివారానికి అరటాకులు తుడుచుకుంటూ కూర్చుంది. ఆశ ఎక్కడో ఇంకా మిణుకుమంటూనే ఉంది. ఈ ఊరికి ఉత్తరాలు సరిగ్గా వస్తే కదా.

ఆరో రోజున పోస్టుమాన్ వచ్చాడు. ఎప్పుడూ నాలుగు గుమ్మాలు తట్టి, టైర్ల షాపులో వాదులాడి, చిరాగ్గా వచ్చే మనిషి. ఆ రోజు సైకిలు నేరుగా గేటు ముందే ఆపాడు.

"ఇన్నాళ్ళకి సరైన అడ్రసు రాశారు యెల్బా," అన్నాడు సంతోషంగా. "ఎవర్నీ అడగక్కర్లేకుండా వచ్చేశాను."

కార్డు రద్దయిందనీ, దేశం విడిచి వెళ్ళాలనీ ఉన్న ఆ కాగితాన్ని ఆమె సంతకం పెట్టి తీసుకుంది. శనివారానికి రెండు నకతమాల్ తన పేరున ఉంచమని చెప్పి అతను వెళ్ళిపోయాడు.