మంట తెలియని చేతులు

మొన్న మా చీరాలలో చర్చి పక్క హాల్లో, ఇంట్లో మంచాన పడ్డవాళ్లని చూసుకునేవారికి అవగాహన సదస్సు పెట్టారు. గుమ్మానికి కట్టిన ఫ్లెక్సీ మీద 'కుటుంబ సభ్యులకు ఆహ్వానం' అని ఉంది. లోపలికి వెళ్లి చూస్తే వచ్చిన కుటుంబ సభ్యులంతా ఆడవాళ్లే. మగవాళ్లు లేరని కాదు. కుర్చీలు వేసినవాళ్లు, మైకు సర్దినవాళ్లు, స్టేజి ఎక్కి కూర్చున్నవాళ్లు మగవాళ్లే. మా ఆయన నడుం పట్టేసి మంచం దిగడం లేదు కాబట్టి నేనూ వెళ్లాను. తెల్లకోటు వేసుకున్న ఒక అమ్మాయి తెర మీద మొదటి బొమ్మ వేసింది. గులాబీరంగు చేతులు రెండు, వాటి మీద సబ్బు నురగ. 'రోగిని ముట్టుకునే ముందు చేతులు సబ్బుతో శుభ్రంగా కడుక్కోవాలి' అని చదివింది. నేను లేచి నిలబడ్డాను. "అమ్మాయ్, సబ్బుతో పోనిదాని సంగతేంటి?" అన్నాను. "ప్రశ్నలు చివర్లో ఆంటీ" అంది. కూర్చున్నాను. కూర్చున్నది ఒళ్లే. నా బుర్ర అప్పటికే గుంటూరు బస్సెక్కేసింది.

మా అక్కని నల్లపాడు అవతల ఒక మిరప ఊళ్లో ఇచ్చారు. ఆ ఊళ్లో మాఘమాసం వస్తే నేల కనపడదు. కల్లాల నిండా ఎర్రటి కాయలే. కొత్తవాళ్లు ఆటో దిగీ దిగగానే తుమ్ముతారు, ఆ ఊరివాళ్లు వాళ్లని చూసి నవ్వుతారు. నేను వెళ్లినప్పుడల్లా అంతే. బట్టలు కుట్టుకుని బతికేదాన్ని, చీరాల గాలికి అలవాటు పడ్డదాన్ని, కొంగు ముక్కుకి అడ్డం పెట్టుకుని నడిచేదాన్ని. "పట్నం దొరసాని దిగిందమ్మో" అని అరుగుల మీదివాళ్లు అరిచేవాళ్లు. అక్కా, వాళ్ల అత్తగారూ పక్కపక్కన కూర్చుని కాయలకి తొడిమలు తీసేవాళ్లు. తొడిమ తీయడమంటే చూడ్డానికి ఏమీ లేదు. కాయ పట్టుకోవడం, తుంచడం, తాలుకాయ అయితే పక్కన పడేయడం. పొద్దుటి నుంచి పొద్దుగూకే దాకా అదే పని. ఆ అత్తగారు నోటి దురుసు మనిషే గానీ మా అక్కంటే ఇష్టం. "నీ చెల్లికంటే నువ్వే నయమే, దానికి నోరు తప్ప ఏం లేదు" అనేది నా ముందే. నిజమే కాబట్టి నేనూ ఊరుకునేదాన్ని.

కొన్నేళ్ల కిందట ఆవిడకి పక్షవాతం వచ్చింది. కుడివైపు పడిపోయింది, మాట పోయింది. పట్నం ఆస్పత్రిలో కొన్నాళ్లు ఉంచుకుని, ఇంటికి తీసుకెళ్లిపొమ్మన్నారు. పంపేటప్పుడు డాక్టరుగారు ఫోను చూసుకుంటూ, "జాగ్రత్తగా చూసుకోండమ్మా, పుళ్లు పడకుండా పక్కకి తిప్పుతూ ఉండండి" అన్నాడట. మా అక్కకి దొరికిన చదువంతా అదే. ఎలా తిప్పాలో చూపించినవాడు లేడు. ఎలా తుడవాలో, ఏది పుండో, ఏది పుండు కాబోయేదో చెప్పినవాడు లేడు. కుట్టుమిషన్ కొన్నా ఒక మనిషి ఇంటికొచ్చి దారం ఎక్కించడం చూపించి వెళతాడు. మనిషిని అప్పజెప్పేటప్పుడు ఆపాటి మర్యాద కూడా లేదు. కొన్నాళ్లకే వీపు మీద పుండు పడింది.

సలహాలకి మాత్రం లోటు లేదు. యాపిల్ కాయలు పట్టుకుని వచ్చినవాళ్లంతా వైద్యులే. "పావురాయి రక్తంతో మర్దన చేయించారా?" అని ఒకరు. "మంచం ఇటు తిప్పెయ్యండి" అని ఒకరు. వచ్చినవాళ్లకి అక్క టీ పెట్టి ఇచ్చేది, వాళ్లు తాగి, మంచం మీది మనిషిని చూసి నిట్టూర్చి, తెచ్చిన యాపిల్ కాయల్లో ఒకటి కోయించుకుని తిని వెళ్లిపోయేవాళ్లు. ఆ నిట్టూర్పుల గాలికి ఉతికిన దుప్పటి ఒకటైనా ఆరేదేమో. ఒక్కరు, ఒక్కరంటే ఒక్కరు, "నువ్వు కాసేపు పడుకో, నేను కూర్చుంటా" అనలేదు. గుంటూరులో ఉన్న ఆడపడుచులిద్దరూ ఆదివారం ఆదివారం కారేసుకుని వచ్చేవాళ్లు. అమ్మ నుదుటి మీద చెయ్యి వేసి, వీపుకి కాస్త మందు రాసి, ఫోటో తీసి, 'ప్రార్థించండి' అని వాట్సాప్‌లో పెట్టి వెళ్లేవాళ్లు.

అక్క పనికి వెళ్లడం మానేసింది. పనినే టిక్కీల లెక్కన ఇంటికి తెచ్చుకుంది. టిక్కీలంటే మిర్చి బస్తాలు. అవి వసారాలో గుమ్మరించుకుని, అత్తగారి మంచం కనపడేలా గుమ్మంలో కూర్చుని తొడిమలు తీసేది. ముసలామె కదిలితే లేచి, కొళాయి దగ్గర సబ్బు పెట్టి చేతులు కడుక్కుని, లోపలికి వెళ్లి తుడిచి, తిప్పి, మందు రాసి, మళ్లీ కాయల ముందు కూర్చునేది. ఇంతకంటే ఎవరు చేస్తారు?

కానీ ముసలామె అరవడం మొదలుపెట్టింది. అక్క చెయ్యి వీపు మీద పడితే చాలు, గొంతులోంచి ఒక అరుపు. ఉన్న ఒక్క చేత్తో అక్కని తోసేసేది. ఇరుగుపొరుగు ఉలిక్కిపడి వచ్చేవాళ్లు. అదే ఆడపడుచులు రాస్తే, అదే మందు, అదే వీపు, పసిపిల్లలా పడుకునేది. ఇంకేం కావాలి లోకానికి? కోడలు గిచ్చుతోంది, కోడలు గిల్లుతోంది, దేవుడు చూస్తున్నాడు. ఇంకో వింత ఉంది. అక్క దగ్గరికి వచ్చినప్పుడల్లా ముసలామె ఎడమ చెయ్యెత్తి వసారాలో మిరపకాయల రాశిని చూపించేది. వేళ్లు ఆడించేది. అది చూసి పెద్దాడపడుచు కళ్లు ఒత్తుకుని, "ఇంత మంచాన పడ్డా అమ్మకి పంట మీదే ధ్యాస. కాయ ఎలా ఉందని అడుగుతోంది" అనేది. ఒక కాయ తెచ్చి తల్లి కళ్ల ముందు ఆడించి, "బాగుందమ్మా, రంగు బాగుంది" అని చెప్పేది కూడా. మిరప ఊళ్లో పుట్టి పెరిగిన మనుషులు తప్ప ఇంకెవరూ అంత తెలివితక్కువ పని చెయ్యలేరు.

ఒకరోజు అక్క ఫోన్ చేసింది. ఎప్పుడూ ఏడవని మనిషి. "శనివారం సాయంత్రానికి మా ఆడపడుచులు చర్చి సంఘ పెద్దల్ని పిలిపిస్తున్నారే. నన్ను ఇంట్లోంచి పంపించేస్తారంట. అత్తకి ఆయాని పెడతారంట. మీ బావ కూడా, కొన్నాళ్లు నీ దగ్గరికి పొమ్మంటున్నాడు" అంది. పాతికేళ్లు ఆ ఇంటికి చాకిరీ చేసిన మనిషిని, అత్తని హింస పెట్టిన కోడలనే పేరుతో గెంటేస్తారన్నమాట. శనివారం పొద్దున్నే రైలెక్కి, తెనాలి మీదుగా గుంటూరు చేరి, మధ్యాహ్నానికి వాళ్ల గుమ్మంలో దిగాను. ఎండ మండిపోతోంది. మెడ నిండా చెమటకాయలు, గీరుకుని గీరుకుని పచ్చి చేసుకున్నాను. అక్క కాయల దగ్గర్నుంచి లేచి, చేతులు కడుక్కుని, "ఇటు తిరగవే" అని మెడకి పౌడరు రాసింది.

ఎగిరి గంతేశాను. నిప్పు పెట్టినట్టయింది. "ఏం రాశావే?" అంటే "పౌడరే" అంది. నా చేత్తో అదే పౌడరు రాసుకుంటే ఏమీ లేదు. మళ్లీ అక్క వేలు పట్టుకుని మెడకి ఆనించుకుంటే మళ్లీ మంట. "నీకు మండట్లేదా?" అన్నాను. అక్క తన చేతులు తిప్పి చూసుకుంది. "వీటికేం తెలియదే. ఇవి ఎప్పుడో చచ్చిపోయాయి" అంది. పాతికేళ్లుగా కాయలు తుంచిన చేతులవి. కారం అంటుకున్నా వాటికి తెలియదు, సబ్బుతో కడిగినా అది పూర్తిగా పోదు. కంట్లో చెయ్యి పెట్టుకోకూడదని ఆ ఊళ్లో పాకే పిల్లకి కూడా తెలుసు. చర్మం లేచిపోయిన వీపు కన్నుతో సమానమని మాత్రం ఎవరికీ తట్టలేదు.

లోపలికి పరిగెత్తి ముసలామె పక్కన కూర్చున్నాను. "అత్తయ్యా, అక్క చేతులు మండుతున్నాయా? మిరపకాయల మంటా?" అని అడిగాను. ఆవిడ నన్నే చూసింది. తర్వాత ఎడమ చేత్తో మంచాన్ని కొట్టింది. కొడుతూనే ఉంది. కళ్లవెంట ధారలు. ఆ ఇంట్లో సంగతి తెలిసిన మనిషి ఆవిడ ఒక్కతే. ఆవిడా మిరపకాయల మనిషే కదా. చెప్పడానికి నోరు లేదు, చేత్తో చూపిస్తే పంట మీద మమకారమన్నారు. అక్క గుమ్మంలో నిలబడి అంతా చూసి, గోడకి జారగిలబడింది. "పెద్దమనుషుల్లో అనొద్దే. అంటే నేనే చేశానంటారు" అంది. అక్కకి లోకం నాకంటే బాగా తెలుసు.

సాయంత్రం పాస్టరుగారూ, సంఘ పెద్దలూ వచ్చి ప్లాస్టిక్ కుర్చీల్లో కూర్చున్నారు. ఆడపడుచులు కర్చీఫులు పట్టుకుని సిద్ధంగా ఉన్నారు. మా బావ స్తంభానికి ఆనుకుని తన గోళ్లు చూసుకుంటున్నాడు. అక్క అందరి ముందే కాయల దగ్గర్నుంచి లేచి, కొళాయి కింద సబ్బుతో చేతులు కడుక్కుని, టీ తెచ్చింది. పెద్దాడపడుచు మొదలుపెట్టింది: "మేం ముట్టుకుంటే మా అమ్మ నోరెత్తదండీ. ఈవిడ ముట్టుకుంటేనే కేకలు. ఎందుకో దేవుడికే తెలియాలి."

"దేవుడిదాకా ఎందుకు, నేను చెబుతా" అన్నాను. అక్క చెయ్యి పట్టుకుని లాక్కొచ్చి, ఆ కడిగిన వేళ్లు పెద్దాడపడుచు కింది పెదవి మీద గట్టిగా రుద్దాను. అక్క వద్దే వద్దే అంటూనే ఉంది. ఒక్క క్షణం ఆవిడకి ఏమీ తెలియలేదు. తర్వాత కుర్చీ వెనక్కి పడేలా లేచి, "నీళ్లు! నీళ్లు!" అని అరిచింది. "చూశారుగా. పెదవికే ఇలా ఉంటే, పచ్చిపుండు మీద ఎలా ఉంటుందో ఆలోచించండి. మీ అమ్మ పంట సంగతి అడగలేదు. మంటని చూపించింది" అన్నాను. నాకు ఆనందమేసింది. అబద్ధం ఎందుకు, ఇప్పటికీ తలుచుకుంటే ఆనందమే.

క్షమించమని ఎవరైనా అన్నారా? పెద్దాడపడుచు మూతి మీద తడిగుడ్డ పెట్టుకుని, "అయితే ఇన్నాళ్లూ మా అమ్మకి కారం పెట్టి కాల్చిందన్నమాట! ఆ మాత్రం తెలియదా?" అంది. పాస్టరుగారు ప్రార్థన చేద్దామన్నారు. "ప్రార్థన తర్వాత చేద్దురు గానీ, ఒక్క మాట" అని ఆడపడుచుల వైపు తిరిగాను. "మీ చేతులు చల్లగా ఉంటాయిగా. రేపట్నుంచి మీరొచ్చి తుడవండి."  పెద్దావిడకి బీపీ గుర్తొచ్చింది. చిన్నావిడకి పిల్లల పరీక్షలు గుర్తొచ్చాయి. ఆయా ఊసు మళ్లీ ఎవరూ ఎత్తలేదు. చీకటి పడకముందే కారు వెళ్లిపోయింది. మా బావ గోళ్లు చూసుకోవడం ముగించి, "నువ్వు వెళ్లక్కర్లేదులే" అన్నాడు అక్కతో, వరం ఇస్తున్నట్టు.

ఆ తర్వాత అక్క తనకి తనే నేర్చుకుంది. ముందు వేరుశనగ నూనె రాసి రుద్దుకోవడం, తర్వాత సబ్బు, ఆపైన మజ్జిగ. చేతులు ఎలాగూ చెప్పవు కాబట్టి, వేళ్లు తన పెదవికి ఆనించుకుని కాసేపు ఆగేది. పెదవి మండకపోతేనే లోపలికి వెళ్లేది. కిటికీలోంచి చూసినవాళ్లు అది ప్రార్థన అనుకున్నారు. స్త్రీల సమాజంలో ఒకావిడ అక్క భక్తిని మెచ్చుకుంది కూడా. చేతులు చల్లబడ్డాయి గానీ, ముసలామె భయం మాత్రం పూర్తిగా పోలేదు. అక్క వస్తుంటే భుజం బిగుసుకునేది. ఆ చేతుల తప్పు కాదని ఆవిడకీ తెలుసు, ఒంటికి తెలియదు. అక్క రోజూ తన వేలు ముందు ఆవిడ పెదవికి తాకించి, ఆవిడ కళ్లు మూసి తెరిచే వరకు ఆగి, అప్పుడు మొదలుపెట్టేది. మరుసటి ఏడు కల్లాల్లోకి కాయ రాకముందే ఆవిడ పోయింది. సమాధి కార్యక్రమంలో ఆడపడుచులు మైకు పట్టుకుని, తల్లికి తాము చేసిన సేవ గురించి సాక్ష్యం చెప్పారు. అక్క వాళ్లని క్షమించింది. అది దాని ఇష్టం.

సదస్సు చివరికి వచ్చింది. ప్రశ్నలకి టైము లేదన్నారు, బిర్యానీ పొట్లాలు వచ్చేశాయట. నేను వెళ్లి మైకు లాక్కున్నాను. ఇందాక మీకు చెప్పిందంతా చెప్పలేదు. మిరపకాయలు తుంచిన చేతులకి మంట తెలియదని, సబ్బుతో పోదని, నూనె రాసి కడుక్కోమని, ముట్టుకునే ముందు వేలు పెదవికి ఆనించి చూసుకోమని చెప్పాను. "మంచి పాయింట్ ఆంటీ" అంది తెల్లకోటు అమ్మాయి, సామాను సర్దుకుంటూ. స్టేజి మీద పెద్దలు శాలువాలు కప్పుకుంటున్నారు. వెనక వరసలో ఒకావిడ, గోళ్ల అంచులు ఎర్రబారినావిడ, వేళ్లు మెల్లగా పెదవికి ఆనించుకుంది. కాసేపాగి పెదవిని కొంగుతో గట్టిగా తుడుచుకుంది. తర్వాత గబుక్కున లేచి, పొట్లం కూడా తీసుకోకుండా, చెప్పులు సగం తొడుక్కునే బయటికి పరిగెత్తింది.

కాలం గడిస్తే కోపాలు చల్లారతాయంటారు. అప్పుడు మా అక్కకి ఎవరూ చెప్పని మాట ఇవాళ్టిదాకా ఈవిడకీ ఎవరూ చెప్పలేదంటే, కాలం గడిచిందని నేనెందుకు ఒప్పుకోవాలి?