మా మరదలి పుట్టిల్లు

మా తమ్ముడి భార్య తైవాన్ పిల్ల. ఆ మాట వినగానే కృష్ణగిరిలో మా వీధి ఆడవాళ్ళు రెండే ప్రశ్నలు వేస్తారు. ఏం తింటుంది? ఎన్నాళ్ళుంటుంది? మొదటిదానికి జవాబు సులువు. రాగిసంగటి తింటుంది, ఉలవచారు పోసుకుని మరీ తింటుంది. రెండోది అడిగితేనే నాకు ఒళ్ళు మండేది. ఇంటి కోడలు ఎన్నాళ్ళుంటుందని ఎవరైనా అడుగుతారా?

హోసూరు దగ్గర ఒక బూట్ల ఫ్యాక్టరీలో కుట్టుమిషన్ల పని నేర్పడానికి ఒప్పందం మీద వచ్చిందా పిల్ల. మా తమ్ముడు అక్కడే సూపర్‌వైజరు. ఒప్పందం ముగిసింది గానీ పిల్ల వెనక్కి పోలేదు. పెళ్ళయ్యాక కాపురం హోసూరు పక్కనే మా ఊరు బేరిగైలో, అమ్మానాయనల దగ్గరే. ఫ్యాక్టరీలో నేర్చుకున్న అరవం, మా అమ్మ దగ్గర నేర్చుకున్న తెలుగు, రెండూ కలిపి ఎలాగో నెట్టుకొచ్చేది.

నెల తప్పిందని తెలిసిన రోజే అమ్మ తేల్చేసింది. "తొలికాన్పు పుట్టింటిది. తైవాన్ అయితే ఏమి, తల్లి తల్లే. ఏడో నెల్లో గాజులు తొడిగి పంపించేస్తాము."

మా వైపు ఆచారం అది. అత్తింట్లో ఉంటే నొప్పిగా ఉందని చెప్పడానికి, ఇంకో ముద్ద పెట్టమని అడగడానికి ఆడపిల్లకు నోరు రాదంటారు. నేనూ మొదటి కాన్పుకు బేరిగైకే వెళ్ళాను. మా తమ్ముడు ఈ సంగతంతా పెళ్ళానికి ఒక్క ముక్కలో చేరవేశాడు: అమ్మ నిన్ను మీ అమ్మ దగ్గరికి పంపిస్తుందంట. అంతే. ఎందుకో చెప్పాలని ఆ మొద్దుకు తట్టలేదు. ఆ పిల్లా అడగలేదు.

అమ్మ నువ్వులుండలు కట్టింది. వియ్యపురాలికని పట్టుచీర తెప్పించింది. తెప్పించి ఫోన్‌లో నా దగ్గర ఒకటే సణుగుడు. "పుట్టింటోళ్ళు పిలవల్ల కదమ్మా? మా బిడ్డను పంపించండి అని ఆ యమ్మ ఒక్క ఫోనైనా చేసిందా? అదేమి తల్లి, రాయి మాదిరి ఉండాదే!"

గాజుల వేడుకకు ముందురోజే నేను బేరిగై చేరాను. మరదలి గదిలోకి వెళ్తే రెండు పెద్ద సూట్‌కేసులు తెరిచి ఉన్నాయి. స్వెట్టరు, తినే పుల్లలు, పెళ్ళికి మేము పెట్టిన చీరలు, అన్నీ సర్దేసింది. గోడ మీద పెళ్ళి ఫోటో కూడా లేదు, మేకు మాత్రం ఉంది. తన వంతు ఇంటి తాళంచెవి మంచం మీద విడిగా పెట్టి ఉంది.

"అంతా ఎందుకమ్మా? బిడ్డకు మూడో నెల రాగానే మేము పిల్చుకొస్తాము కదా" అన్నాను.

"పిల్చుకొస్తారా?" అంది. నా ముఖంలోకి చూసి, "వదినా, నేను ఏమి తప్పు చేసినాను? అత్తమ్మకు నా మీద ఎందుకు కోపం?" అని అడిగింది.

పక్కన కూర్చోబెట్టుకుని ఒక్కొక్కటే అడిగి తెలుసుకున్నాను. వాళ్ళ ఊళ్ళో పెళ్ళయిన ఆడపిల్ల పుట్టింట్లో కనకూడదట, ఆ ఇంటికి అరిష్టమట. కాన్పయ్యాక నెలంతా వండిపెట్టి చూసుకోవలసింది అత్తగారేనట. మొగుడింటివాళ్ళు వెళ్ళగొట్టిన పిల్లే కడుపుతో తల్లి ఇల్లు చేరుతుందట. వాళ్ళమ్మ ఫోన్‌లో రోజూ ఏడుపేనట, మీ అత్తను బతిమాలుకో, క్షమించమని అడుగు అని. ఇంక ఆ తల్లి పంపించండి అని ఎలా పిలుస్తుంది? పిలిస్తే కూతురి కాపురం కూలిందని తనే ఒప్పుకున్నట్టు.

వంటింట్లోకి వెళ్ళి చెప్పాను. అమ్మ చేతిలోని ఉండ చేతిలోనే ఉండిపోయింది.

"అయ్యో నా తల్లీ! నేను తరుముతా ఉండానని అనుకునిందా!"

అలాగే జిడ్డుచేతులతో పరిగెత్తి కోడలి ముఖం పట్టుకుంది. "పిచ్చిదానా, నిన్ను తరిమేసి నేను ఎవురి మొగము చూసుకోని బతకల్ల?" ఇద్దరూ ఏడ్చారు. నాకూ ఏడుపొచ్చింది, దానికంటే ముందు కోపం వచ్చింది. సాయంత్రం డ్యూటీ దిగి వచ్చిన తమ్ముణ్ణి గుమ్మంలోనే పట్టుకున్నాను. "నోట్లో బెల్లం పెట్టుకోని ఉండావేమిరా? పెండ్లానికి ఎందుకు, ఏమిటి అని చెప్పేది లేదా?" వాడు సూట్‌కేసులోంచి పెళ్ళి ఫోటో తీసి మళ్ళీ మేకుకు తగిలించాడు.

చిక్కు మాత్రం విడలేదు. తొలికాన్పు అత్తింట్లో అంటే అమ్మకు మనసొప్పదు, పుట్టింట్లో అంటే కోడలికి భయం. ముందు నుయ్యి, వెనక గొయ్యి.

"మా ఇల్లు ఉండాది కదా. కృష్ణగిరే దీనికి పుట్టిల్లు" అన్నాను.

మరదలు బెంగగా అమ్మ వైపు చూసింది. "అత్తమ్మ రాదా?"

"నేనూ వస్తాను. ఆడ నేను అత్తను కాను, తల్లిని" అంది అమ్మ.

"నాకు సంగటి ఎవురు కెలికేది?" అన్నాడు నాయన.

"చేతులుండాయి కదా, కెలుక్కో."

అమ్మ అన్నంత పనీ చేసింది. బేరిగైలో కోడలితో ఆచితూచి మాట్లాడే మనిషి, మా ఇంట్లో అడుగు పెట్టగానే నన్ను తిట్టినట్టే దాన్నీ తిట్టడం మొదలుపెట్టింది. తిను, కూర్చో, ఫోన్ పక్కన పెట్టు అని ఒకటే గోల. తల దువ్వేటప్పుడు నెత్తిమీద మొట్టికాయ కూడా. ఆదివారం తమ్ముడు వస్తే మా ఆయన వీధిలోకి ఎదురెళ్ళి, "రండి అల్లుడుగారూ" అని ఆటపట్టిస్తూ ఉన్న ఒక్క మంచి కుర్చీ వాడికే వేసేవారు. ఒక సాయంత్రం మరదలు వంటింటి గుమ్మంలో నిలబడి, "అమ్మా, ఆకలి" అంది. అత్తమ్మా అనలేదు. అమ్మ వెనక్కి తిరగకుండా పొయ్యి వైపే చూస్తూ కొంగుతో కళ్ళు తుడుచుకుంది.

ఆడపిల్ల పుట్టింది. బాలింతకు నువ్వులనూనెలో అల్లం వేసి కోడికూర చేయాలని వాళ్ళమ్మ వీడియోకాల్‌లో చూపిస్తే, "ఇది మన మాదిరే!" అని అమ్మ పొంగిపోయింది. తలంటు దగ్గర మాత్రం యుద్ధమే. నెల నిండేదాకా తల తడపకూడదని కోడలు, వేన్నీళ్ళు కుమ్మరించకపోతే ఎలా అని అమ్మ. చివరికి వేడి తడిగుడ్డతో తుడవడం, సాంబ్రాణి పొగ పట్టడం దగ్గర రాజీ కుదిరింది.

మూడో నెల వచ్చింది. బయలుదేరే పొద్దున అమ్మ దాన్ని పీట మీద కూర్చోబెట్టి, బియ్యం, టెంకాయ, పసుపు, బెల్లంతో ఒడి నింపింది. నింపుతూ నింపుతూ భోరుమంది. నా పెళ్ళప్పుడు కూడా ఇంత ఏడవలేదు, దేవుడి సాక్షిగా! ఏడుపు ఆపుకుంటూనే చెప్పులు వేసుకుని ఆటో ఎక్కింది, బస్టాండుకు.

"రాహుకాలం కదమ్మా" అని అరిచాను.

"రాహుకాలం బిడ్డకి, నాకు కాదు. వాకిట్లో ఎదురు రావల్ల కదా!"

రాహుకాలం దాటాక మేము కారులో బయలుదేరాము. బేరిగై చేరేసరికి గడపలో అమ్మ ఎర్రనీళ్ళ పళ్ళెంతో నిలబడి ఉంది. చీర కూడా మార్చుకుంది. కళ్ళ ఉబ్బు మాత్రం తగ్గలేదు. దిష్టి తీసి, పెద్ద అత్తగారిలా నిలబడి అడిగింది.

"బాగా వచ్చినావామ్మా? మీ అమ్మ బాగుండాదా?"

మరదలు బిడ్డను ఈ భుజం నుంచి ఆ భుజానికి మార్చుకుంది.

"బాగుండాది అత్తమ్మా. నేను వచ్చేటప్పుడు శానా ఏడ్చినాది."