కిందికి ఒక్కరికే చోటు

పోస్టుకు చేరేసరికి ఉదయం పదకొండయింది. నవంబరు. పద్నాలుగు వేల అడుగుల ఎత్తు. వీపున ఇరవై కిలోల సామాను, రైఫిలు వేరు. రాళ్లు పేర్చిన బంకరులో ఎనిమిదిమందిమి. రేడియో ఆపరేటరుది హిందూపురం, నాది ధర్మవరం. తెలుగు మా ఇద్దరికే వచ్చు.

వారానికోసారి ఇంటికి ఫోను, మూడు నిమిషాలు. డిసెంబరులో నాయన మాట్లాడాడు. "నాకేమి, బాగానే ఉండా. దగ్గు, అంతే. నీ పని చూసుకో." తర్వాత అన్న ఫోను తీసుకుని వీధిలోకి వచ్చాడు. "ఊపిరాడక కూసోనే నిద్రపోతాండాడురా. తొందరగా రా."

మంచుకు దారి మూసుకుపోయే ముందు చివరి బృందం కిందికి దిగుతోంది. సెలవు అడిగింది నేనూ ఆపరేటరూ. ఒక్కరినే పంపుతానన్నాడు కమాండరు. మీరిద్దరూ తేల్చుకుని నాలుగింటికల్లా పేరు చెప్పండన్నాడు. ఆపరేటరు భార్య పెనుకొండలో పుట్టింట ఉంది. నెలలు నిండాయి.

అతను సెట్టు ముందు కూర్చుని బ్యాటరీ తుడుస్తున్నాడు.

"మీ నాయన ఏమన్నాడప్పా?"

"బాగానే ఉండా అన్నాడు."

"మీయన్న?"

"రమ్మన్నాడు."

"ఇంగేమి, నువ్వు పో. నా బిడ్డ నన్ను గుర్తుపట్టాలంటే ఏడాది పడతాది. అంతవరకూ నేను యాడుంటే ఏమి?"

"మీ ఇంట్లో ఒప్పుకుంటారా?"

"పోకున్నా తిడతాది, పోయినా తిడతాది."

ఇద్దరం నవ్వాం. నాలుగింటికి నేను అతని పేరు చెప్పాను. మర్నాడు కింది పోస్టు నుంచి రేడియోలో అతని గొంతు వచ్చింది. "చేరినా. నీకు బుద్ధిలేదబ్బా. ఓవర్."

స్నేహం కొద్దీ ఇచ్చాను. అది నిజం. భయపడ్డాను, అదీ నిజం. ఇంటికి వెళ్తే నాయన మాట అబద్ధమని కళ్లతో చూడాలి. కొండ మీద ఉన్నన్నాళ్లూ ఆయన బాగానే ఉన్నాడు. ఈ రెండింటిలో ఏది కారణం, ఏది సాకు అని చాలా ఏళ్లు వెతికాను. తేలలేదు. ఇప్పుడు రెండింటినీ ఉండనిస్తున్నాను.

అతనికి కూతురు పుట్టింది. నాయన జనవరిలో పోయాడు.

దారి తెరిచాక, మార్చి చివర, ధర్మవరంలో రైలు దిగాను. మాది మగ్గం ఇల్లు. నాయన నేస్తున్న చీర సగంలో అలాగే ఉంది. అన్న దాన్ని ముట్టలేదు.

"నాయన చేతి బిగువు వేరు, నాది వేరు. నేను నేస్తే ఆడ గీత పడతాదిరా."

మగ్గం గుంతలో దిగి, నాయన చోట కూర్చున్నాను. ఆయన చివరి పోగు ఎక్కడ ఆగిందో వేలితో తడిమాను. దాని అవతల ఎర్రటి నిలువు పోగుల పడుగు, అడ్డంగా ఒక్క పోగూ లేకుండా, గోడ దాకా.