విమానం పొడి ఊడ్చేశాను

మా అల్లుడు యుద్ధవిమానం నడుపుతాడు. తన చిన్నప్పటి ప్లాస్టిక్ జెట్ బొమ్మ కిట్ నాకిచ్చాడు. పాతది కదా, రెక్కలు సరిగా అతకడం లేదు. ఆకురాయితో రుద్ది సరిచేస్తున్నాను. ఈ రోజు పొద్దున్న అతను డ్యూటీకి బయల్దేరగానే, కింద రాలిన పొడి ఊడ్చేశాను.

మా ఆవిడ పరుగున వచ్చింది.

"అల్లుడు గుమ్మం దాటీసరికే సీపురు పట్టీసినారా? మనిసి ఎల్లినెంటనే ఊడవకూడదని తెల్దేటి?"

"బొమ్మ పొడే కదే."

"ఎల్లినోడు బొమ్మేటి?"

చేటలోకి ఎత్తిన పొడిని తెచ్చి మళ్ళీ గదంతా చల్లేసింది.

మధ్యాహ్నం నుంచి అతనికి ఫోన్ చేస్తున్నాం, మోగుతోంది కానీ ఎత్తడం లేదు. ఆ పొడి తొక్కకుండా ఇద్దరం గోడవారగా నడుస్తున్నాం. ఇవన్నీ ఉత్త నమ్మకాలేనని మీలో ఎవరైనా ఒక్క మాట రాయండి. మా ఆవిడకి చదివి వినిపిస్తాను. నేనూ వింటాను.