సాలెపురుగుల పర్యవేక్షకురాలు

సాలెగూళ్లు ఉన్నాయన్న ఒకే ఒక్క కారణంతో, ద్రాక్షతోటల సీమ రియోహాలోని ఒబానోస్ వారి వైను నేలమాళిగకు ఆరోగ్య శాఖ సీలు వేసింది. ఏళ్ల తరబడి పండిన ఎర్ర వైను లోపల ఉండిపోయింది. యజమాని ఉల్పియానో బయట ఉండిపోయాడు.

ఉల్పియానోకున్న వెర్రి ఒక్కటే: సాలెపురుగంటే చెప్పలేనంత మర్యాద. టోపీ తీసి, నడుం వంచి, గూళ్ల కింద నుంచి దూరేవాడు. ఒకసారి జర్మనీ నుంచి వచ్చిన వ్యాపారి లోపల తుమ్మాడు.

"మీ తుమ్ముకు ఒకరి కొంప కూలింది బాబూ, బయటికి నడవండి," అన్నాడు ఉల్పియానో. బేరమూ అతని వెంటే నడిచింది.

తమ్ముడి కూతురు నునీలా న్యాయవాది. గూళ్లు ఊడ్చి, యంత్రంతో కడిగిస్తామని ఆరోగ్య శాఖకు హామీపత్రం రాసి తెచ్చింది.

"సంతకం పెట్టు పెదనాన్నా. ఈ నెలలో వేరే పీపాల్లోకి మార్చకపోతే వైను చెడుతుందన్నది నువ్వే."

"బిరడా తొలిచే పురుగును తినేది ఎవరు? నీ యంత్రమా?"

"సీసాల మూల గూళ్లు ఉంచుకో. మెట్ల మీద, దీపం మీద, నీ టోపీ మీద కూడా ఎందుకు?"

"వాళ్లకీ బంధువులుంటారు, లాయరమ్మా."

నునీలా పళ్లు నూరుతూ ఇంట్లోంచి బయటికి వచ్చింది. సీలు వేసిన తలుపు ముందు, కుర్చీలో, రెమెడియోస్ స్వెట్టర్ అల్లుతోంది. ఒకప్పుడు ఆమె అక్కడ ఊడ్చే మనిషి. ఇప్పుడు అదే జీతానికి సాలెపురుగుల పర్యవేక్షకురాలు.

"లోపలివాళ్లు కులాసానా?" వెనకే వచ్చి అడిగాడు ఉల్పియానో.

"కులాసాయే, అయ్యగారూ."

ఆయన తృప్తిగా వెళ్లిపోయాడు. నునీలా తల పట్టుకుంది.

"ఈ భక్తి ఎప్పుడు పట్టుకుంది ఈయనకి?"

"నా మోకాళ్లు పోయిన ఏడే తల్లీ. అంతకుముందు సీసాల మూల తప్ప, అంగుళం వదలకుండా ఊడ్పించేవాడు. ఊరికే కూర్చోబెట్టి జీతమిస్తే నేను తీసుకోనని ఆయనకు తెలుసు మరి."

"నీకు తెలుసని ఆయనకు తెలుసా?"

"ఎందుకులే. ఆ నడుం వంచడం చూస్తే నాకూ పొద్దుపోతుంది."

నునీలా హామీపత్రాన్ని నిలువునా చించి, కొత్త కాగితం తీసింది.

"ఆరోగ్య శాఖాధికారులకు: సీలు తీయండి. పీపాలు మార్చే అదను మీ ముద్ర కోసం ఆగదు. సీసాల దగ్గరి గూళ్లు మా తాతల నాటి కాపలా. తక్కినవాటికి జీతం తీసుకునే పర్యవేక్షకురాలు ఉన్నారు. ఈసారి తనిఖీకి వస్తే టోపీ తీసి, వాకిట్లో కుర్చీలో ఉన్న అధికారిణి అనుమతి అడిగి, నడుం వంచి లోపలికి రండి. తుమ్ము వస్తే బయటే తుమ్మండి."